రేంజి లెక్క: నూట నలభై ఏళ్ళ పాత పాఠం

పోయినేడాది జనవరిలో మా తాత సంవత్సరీకం. ఎల్బీనగర్ లో నేనుండే గది నుంచి సూర్యాపేట దగ్గర మా ఊరికి నూట ముప్పై కిలోమీటర్లు. విజయవాడ హైవే. చిన్నప్పటి నుంచీ బస్సులో నిద్రపోతూ దాటిన దారే. అప్పటికి రెండు నెలల ముందే ఎలక్ట్రిక్ బైక్ కొన్నాను. మూడు యూనిట్ల బ్యాటరీ, కాగితం మీద రాసిన రేంజి 145 కి.మీ. అందులోంచి 130 తీసేస్తే ఇంకా 15 మిగుల్తాయి. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, తీసివేతలు బాగానే వచ్చు :)

తెల్లవారుజామున అయిదున్నరకి బయల్దేరాను. రోడ్డు ఖాళీ, బండి కొత్తది. అరవై, అరవై అయిదులో పోనిచ్చాను. చౌటుప్పల్ దాటేసరికి సగానికి పైగా అయిపోయింది. కాస్త నెమ్మదిస్తే సరిపోతుందిలే అనుకున్నా. చిట్యాలలో 14 శాతం. నార్కట్‌పల్లి పొలిమేరకి వచ్చేసరికి 3 శాతం. బండి తనంతట తనే వేగం తగ్గించేసుకుని సైకిల్ లాగా నడుస్తోంది. రోడ్డు పక్కన ఓ టిఫిన్ హోటలాయన "పెట్టుకో తమ్మీ" అని ఫ్రిజ్ ప్లగ్గు పీకి మరీ నాకిచ్చాడు. ఇడ్లీ తిన్నాను, టీ తాగాను, ఇంకో టీ తాగాను. ఎనిమిదింటికి కరెంటు పోయింది. లైన్ రిపేరు అట. పదకొండింటికి గానీ రాలేదు.

బండి అక్కడే పెట్టి బస్సెక్కొచ్చు కదా అంటారు. నిజమే. గంటలో సూర్యాపేటలో దిగేవాణ్ణి. కానీ 'ఇప్పుడొచ్చేస్తుంది, ఇంకో పది నిమిషాలు' అనుకుంటూ మూడు గంటలు కూర్చున్నాను. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఇష్యూ మీద కూర్చున్నవాళ్ళకి ఈ రోగం గురించి నేను చెప్పక్కర్లేదు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. కార్యక్రమం అయిపోయింది, చుట్టాలు భోంచేసి వెళ్ళిపోయారు. నాయిన ఒక్క మాటే అన్నాడు. "బస్సుల వస్తే పొద్దుగాల్నే దిగుతుంటివి." అంతే. తిట్టినా బాగుండేది.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఇదే బుర్రలో తిరిగింది. ఎక్కడ తప్పింది లెక్క? బగ్ వస్తే లాగ్స్ వెనక్కి చదువుకుంటూ పోతాం కదా, అలాగే ఎలక్ట్రిక్ బండ్ల చరిత్ర వెనక్కి చదువుకుంటూ పోయాను. పోయి పోయి 1881 దగ్గర తేలాను. నాకు జరిగింది కొత్తేమీ కాదని అప్పుడు అర్థమైంది.

ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన 1859లో లెడ్ యాసిడ్ బ్యాటరీ కనిపెట్టాడు. మన ఇన్వర్టర్ల కింద ఇప్పటికీ కూర్చుని ఉండేది దాని వారసురాలే. 1881 ఏప్రిల్ లో గుస్తావ్ త్రూవే అనే ఇంకో ఫ్రెంచాయన ఇంగ్లండు నుంచి తెచ్చిన మూడు చక్రాల సైకిల్ కి మోటార్, బ్యాటరీ తగిలించి పారిస్ వీధిలో నడిపాడు. చార్జి చేసుకునే బ్యాటరీతో రోడ్డు మీద మనిషిని మోసిన తొలి బండిగా సాధారణంగా దీన్నే చెప్తారు. మరుసటి ఏడాదే లండన్ లో ఐర్టన్, పెర్రీ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఇంకో మూడు చక్రాల బండి తయారుచేశారు. బ్యాటరీలు ఒక్కొక్కటీ కలుపుతూ, తీసేస్తూ వేగం మార్చేవాళ్ళు. దాని రేంజి ఎంతని చెప్పారో తెలుసా? నేల ఎత్తుపల్లాల్ని బట్టి 16 నుంచి 40 కి.మీ. దాకా! అంటే 'ఒక అంకె కాదు, పరిస్థితిని బట్టి' అనే నిజాయితీ 1882లోనే ఉంది. నా బండి కాగితం మీద మాత్రం ఒకటే అంకె ఉంది.

ఆ ఒక్క అంకె ఎలా వస్తుందో కూడా చూశాను. మన దేశంలో ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల రేంజిని ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో రోలర్ల మీద పరీక్షిస్తారు. అందులో గరిష్ఠ వేగం గంటకి 42 కి.మీ., సగటు 22 లోపే. సిటీ ట్రాఫిక్ కి సరిపోయే లెక్క. దాన్ని పట్టుకుని నేను హైవే మీద 65లో పోయాను. ల్యాబ్ లో పాసయిన టెస్టుని నమ్మి ప్రొడక్షన్ కి వెళ్ళినట్టన్నమాట. కంపెనీ అబద్ధం చెప్పలేదు, నేనే చదవలేదు.

ఇక అసలు బైక్ సంగతి. 1895 డిసెంబరు 31న ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ కి ఎలక్ట్రిక్ సైకిల్ మీద పేటెంటు వచ్చింది. నంబరు 552271. మోటార్ వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది, గేర్లు లేవు, బ్యాటరీ ఫ్రేము మధ్యలో వేలాడుతుంది. ఆ బొమ్మ చూస్తే మీరు ఆశ్చర్యపోతారు, ఇవాళ మన వీధుల్లో తిరిగే హబ్ మోటార్ బండి అచ్చం అలాగే ఉంటుంది. అంటే బైక్ ఆకారం 130 ఏళ్ళ క్రితమే కుదిరిపోయింది. కుదరనిది దూరమే.

దూరం ఎందుకు కుదరలేదో చెప్పే సూత్రం కూడా అప్పుడే దొరికింది. 1897లో విల్‌హెల్మ్ ప్యూకెర్ట్ అనే జర్మన్ లెడ్ యాసిడ్ బ్యాటరీల గురించి ఒక సంగతి తేల్చాడు. బ్యాటరీ నుంచి కరెంటు ఎంత వేగంగా లాగితే అది మొత్తం మీద ఇచ్చేది అంత తగ్గిపోతుంది. రెట్టింపు కరెంటు లాగితే సగం సేపు రావాలి కదా, రాదు, సగం కన్నా ముందే చేతులెత్తేస్తుంది. మన లిథియం బ్యాటరీల్లో ఈ జబ్బు చాలా తక్కువ. కానీ గాలి మాత్రం మారలేదు. గాలి ఎదురు తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. నలభై నుంచి అరవైకి వెళితే వేగం ఒకటిన్నర రెట్లు, గాలికి పోసే ఖర్చు కిలోమీటరుకి రెండుంపావు రెట్లు. నా బండికి లెక్క కడితే నలభైలో కిలోమీటరుకి దాదాపు 25 వాట్ అవర్లు, అరవై దాటితే 40 దాకా పోతుంది. మూడు యూనిట్ల బ్యాటరీని ఈ రెండిటితో భాగించి చూడండి, 120కీ 75కీ తేడా అక్కడే ఉంది. పైగా జనవరిలో గాలి తూర్పు నుంచి వీస్తుంది. నేను పోయేదీ తూర్పుకే. ఎదురుగాలి అని తర్వాతెప్పుడో వెలిగింది.

ఆ రోజుల్లో ఈ తేడాని కళ్ళకి కట్టినట్టు చూపించినవాళ్ళు ఇద్దరున్నారు. 1899 ఏప్రిల్ 29న కామీ జెనాట్జీ అనే బెల్జియం ఆయన పారిస్ దగ్గర ఎలక్ట్రిక్ కారులో గంటకి 105.88 కి.మీ. వేగం అందుకున్నాడు. గంటకి నూరు దాటిన తొలి కారు పెట్రోలుది కాదు, బ్యాటరీది! కానీ ఆ వేగం కొలిచింది ఒక్క కిలోమీటరు మీద. రెండేళ్ళ తర్వాత 1901లో లూయీ క్రీగర్ తన ఎలక్ట్రిక్ కారుని పారిస్ నుంచి షాటెల్రో దాకా మధ్యలో చార్జి చేయకుండా 307 కి.మీ. నడిపాడు. రేసు వేగంతో కాదని వేరే చెప్పాలా! కాలం అదే, బ్యాటరీలూ దాదాపు అవే. ఒకాయన వేగం కొనుక్కున్నాడు, ఇంకొకాయన దూరం కొనుక్కున్నాడు. రెండూ ఒకే పర్సులోంచి కొనాలి. నేను తెల్లారుజామున చేసిన పొరపాటల్లా రెండూ కావాలనుకోవడం.

మరి మీటరు? 'శాతం చూపిస్తోంది కదా, దాన్ని నమ్మకూడదా' అంటే దానికీ పాత కథే. 1910ల నాటి అమెరికన్ ఎలక్ట్రిక్ కార్లలో సాంగమో అనే కంపెనీ చేసిన ఆంపియర్ అవర్ మీటర్లు ఉండేవి. బ్యాటరీలోంచి ఎంత కరెంటు పోయిందో, ఎంత వచ్చిందో కూడుతూ పోయే గడియారం లాంటిది. ఎక్కించినదంతా తిరిగి రాదు కాబట్టి చార్జింగప్పుడు ముల్లు కావాలనే నెమ్మదిగా నడిచేలా ఏర్పాటు చేశారు. ఇవాళ మన బండిలో బ్యాటరీని చూసుకునే సాఫ్ట్‌వేర్ చేసేదీ ప్రధానంగా ఈ కూడికే. అది మిగిలింది ఎంతో చెప్పగలదు, ఎంత దూరం వస్తుందో చెప్పలేదు. దూరం చెప్పే అంకె నిన్నటి మన నడపడాన్ని చూసి రేపటిని ఊహించడం. రెండు నెలలు నగరంలో నెమ్మదిగా తిప్పిన బండి హైవే గురించి ఏం ఊహిస్తుంది పాపం? మనం మేనేజరుకిచ్చే ఎస్టిమేట్లు కూడా ఇలాంటివే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత మొదట్లోనే ఇంత ముందున్న ఎలక్ట్రిక్ బండి ఎందుకు ఓడిపోయింది? 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,575 ఎలక్ట్రిక్, 1,681 ఆవిరి, పెట్రోలువి 936 మాత్రమే. బ్యాటరీ చిన్నది కాబట్టి ఓడిపోయిందనే నేనూ అనుకునేవాణ్ణి. అది సగం నిజం.

మిగతా సగం కోసం 1888 ఆగస్టుకి వెళ్ళాలి. కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కి.మీ. పైచిలుకు. పెట్రోలు కారుకి అదే తొలి దూరప్రయాణం. ఇంధనం దారిలోనే అయిపోయింది. ఎత్తులొస్తే కొడుకులు దిగి తోశారు. మరి ఎలా చేరింది? వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో, బట్టల మరకలు పోగొట్టడానికి అమ్మే ద్రావకం కొని పోసుకుంది. ఆ కారు గొప్పదేమీ కాదు. కానీ దాని తిండి ఓ సీసాలో పడుతుంది, ఊరి కొట్లో దొరుకుతుంది. కరెంటుని సీసాలో పోసి అమ్మలేం. 1930ల నడుమ దాకా కూడా అమెరికా పల్లెల్లో పది రైతు ఇళ్ళలో ఒకదానికే కరెంటు ఉండేది. ఊరు దాటితే ప్లగ్గే లేదు. పైగా 1912లో చార్లెస్ కెట్టరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్ కార్లలోకి వచ్చి పెట్రోలు ఇంజనుకి హ్యాండిల్ తిప్పే బాధ తప్పించింది. 1920ల నడుమకి ఫోర్డ్ కారు 300 డాలర్ల లోపుకి దిగింది. ఎలక్ట్రిక్ కార్లు ఊళ్ళో తిరిగే ఖరీదైన బండ్లుగా మిగిలి, మెల్లగా కనుమరుగయ్యాయి.

దీనికి పరిష్కారం ఎవరూ ఆలోచించలేదా అంటే ఆలోచించారు. 1897లో లండన్ లో వాల్టర్ బెర్సీ ఎలక్ట్రిక్ టాక్సీలు పెట్టాడు. ఒక చార్జికి 50 కి.మీ. దాకా వచ్చేవి. డిపోలో హైడ్రాలిక్ లిఫ్టుతో పాత బ్యాటరీ దించి కొత్తది ఎక్కించేవాళ్ళు. కుదుపులకి బ్యాటరీ పలకలు పాడై, టైర్లు అరిగి, ఖర్చులు పెరిగి 1899కల్లా ఆగిపోయాయి. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ కరెంటు కంపెనీ ఇంకాస్త తెలివిగా చేసింది. 1910లలో మొదలుపెట్టి 1924 దాకా, బ్యాటరీ లేకుండా ట్రక్కు కొనుక్కోండి, బ్యాటరీ మేం మారుస్తుంటాం, నడిపిన మైళ్ళకి డబ్బులు కట్టండి అంది. 'బ్యాటరీ యాజ్ ఎ సర్వీస్' అని మొన్నెవరో స్లైడ్లలో చూపిస్తే చప్పట్లు కొట్టాం, గుర్తుందా? అది నూరేళ్ళ పాతది. పదేళ్ళకి పైగా నడిచింది కూడా. కాకపోతే ఆ ఊళ్ళోనే, ఆ ట్రక్కులకే.

మన దగ్గర సంగతి వేరు. ఇంధనం కరువైతే ఎలా నెట్టుకొచ్చారో చెప్పడానికి మా తాత చాలు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క దేశంలో చాలా బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సు వెనకాల పెద్ద డ్రమ్ము, అందులో బొగ్గులు. తాతకి అప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. బస్సు కదిలే ముందు క్లీనరు ఫ్యాను తిప్పి తిప్పి నిప్పు రాజేసేవాడనీ, ఎత్తొస్తే అందరూ దిగి తోసేవాళ్ళనీ, బొగ్గులు చాలకపోతే దారిలో ఆగి ఎక్కించుకునేవాళ్ళనీ చెప్పేవాడు. "తొందరున్నోడు నడిచి పోయేటోడు" అని నవ్వేవాడు. అది జోకని అనుకునేవాణ్ణి. నార్కట్‌పల్లిలో కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చి ఉంటే బస్సెక్కేవాణ్ణేమో.

స్వతంత్రం తర్వాత చాలాకాలానికి, 1993 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లవ్‌బర్డ్ అనే ఎలక్ట్రిక్ కారు చూపించారు. తయారీ దక్షిణాదిదే, ఎడ్డీ కరెంట్ కంట్రోల్స్ అనే కంపెనీ. నిలబడలేదు. 2001లో బెంగుళూరు నుంచి రేవా వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ, 80 కి.మీ. రేంజి. 2004 నుంచి అదే కారు జీ-విజ్ పేరుతో లండన్ వీధుల్లో తిరిగింది, బెర్సీ టాక్సీలు ఆగిపోయిన వందేళ్ళకి! తర్వాత 250 వాట్ల మోటారు, గంటకి 25 కి.మీ. లోపు వేగంతో, లైసెన్సు అక్కర్లేని చిన్న స్కూటర్లొచ్చాయి. మా స్కూల్లో లెక్కల సారు ఒకటి కొన్నారు. మొదటేడు నడిపారు, రెండో ఏడు సగం దూరం నెట్టారు. 2018లో ఏథర్, 2021లో ఓలా స్కూటర్లు రావడంతో లిథియం బండ్లు మామూలు మాటయిపోయాయి. సోనీ 1991లో వీడియో కెమెరాల కోసం మార్కెట్లోకి తెచ్చిన ఆ లిథియం అయాన్ బ్యాటరీయే ఇక్కడిదాకా తెచ్చింది.

అంటే బ్యాటరీ సమస్య చాలామటుకు తీరింది. ప్లగ్గు సమస్య కూడా సగం తీరింది. బెర్తా బెంజ్ కి మందుల షాపు ఎలాగో నాకు టిఫిన్ హోటల్ అలాగ. నల్లగొండ జిల్లాలో ప్లగ్గు లేని హోటల్ చూపించండి చూద్దాం! తీరని సగం ఏమిటంటే ఫాస్ట్ చార్జర్లు. ఒక కంపెనీ బండి ప్లగ్గు చాలాసార్లు ఇంకో కంపెనీ చార్జరుకి పట్టదు. నేను కూర్చున్న హోటలుకి కొద్ది దూరంలోనే ఒక ఫాస్ట్ చార్జర్ ఉందని మ్యాపు చూపించింది. నా బండికి అది పనికిరాదు. తేలికపాటి బండ్లన్నిటికీ పనికొచ్చే మన సొంత కనెక్టరు ప్రమాణాన్ని బీఐఎస్ 2023 అక్టోబరులో ఆమోదించింది. అందరూ దాన్ని వాడాలనే నిర్బంధం లేదు. ఊరి కొట్లో ఏ సీసా కొన్నా ఏ బండికైనా పోసుకోగలగడమే పెట్రోలుని గెలిపించింది. ఈసారి కూడా గెలుపోటములు తేల్చేది బ్యాటరీ సైజు కాదు, దారిలో దొరికే ప్లగ్గు అందరిదా కాదా అన్నదే అని నా నమ్మకం. బండి కొనేటప్పుడు రేంజి అంకె కన్నా ముందు ఆ ప్లగ్గు గురించి అడగండి.

మొన్న దసరాకి మళ్ళీ అదే బండి మీద వెళ్ళాను. నలభై, నలభై అయిదు దాటలేదు. నార్కట్‌పల్లిలో 38 శాతం మిగిలింది. అదే హోటల్ లో గంటుంపావు పెట్టాను, 66 అయింది. 750 వాట్ల చార్జరుతో గంట కూర్చుంటే పాతిక కిలోమీటర్లొస్తాయి, ఇది నోటిలెక్కగా గుర్తుపెట్టుకున్నాను. నిండుగా నింపాలని కూర్చోలేదు, చివరి పది శాతం ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంటికి చేరేసరికి 20 మిగిలింది. ఆ ఇరవై నా బఫర్, దాన్ని ముట్టుకోను. తిరుగు ప్రయాణంలో ఎత్తు గురించి భయపడ్డాను గానీ, హైదరాబాద్ సూర్యాపేట కన్నా దాదాపు 350 మీటర్లు ఎత్తు, బండీ నేనూ కలిపి రెండొందల కిలోలు, లెక్కేస్తే అయిదో వంతు యూనిట్ కూడా కాదు, ఏడెనిమిది కిలోమీటర్ల ఖర్చు. ఎత్తు కన్నా మన కుడిచేతి మణికట్టే ఎక్కువ తింటుంది.

మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. బస్సుకి మూడు గంటలు చాలు. ఈ తేడా దాచిపెట్టి ఎలక్ట్రిక్ బండ్లని పొగిడేవాళ్ళని నేను నమ్మను. టైముంటే అది హాయైన ప్రయాణం. టైము లేకపోతే ఏ మీటరూ మనకి ఆ సంగతి చెప్పదు.

ఈ జనవరిలో తాత సంవత్సరీకానికి ముందురోజు రాత్రే బస్సెక్కాను. పొద్దున్నే నాయిన లేచేసరికి అరుగు మీద ఉన్నాను. ఏమీ అనలేదు, టీ పెట్టించాడు.

మీ బండికి కాగితం మీద రేంజి ఎంత, హైవే మీద నిజంగా ఎంత వస్తోంది? ఒకసారి భాగించి చూసుకోండి. ముఖ్యమైన పనికి బయల్దేరే ముందే చూసుకోండి.